గంగమ్మ కట్టు

తాళాలు చెప్పిన టైముకి వచ్చుంటే సూరయ్యకి గంగమ్మ తల్లితో పని పడేదే కాదు. తప్పు, తాళాలు వేళకి పంపని హైదరాబాదు ఆఫీసుదా, తీరా వచ్చిన తాళాల్ని బల్ల కిందకి తోసేసిన సూరయ్యదా అన్నది వినేవాళ్ళే తేల్చుకోవాలి. ఆ ఊరివాళ్ళని అడిగితే మాత్రం ఈ రోజుకీ తప్పు ఎవరిదీ కాదంటారు. ఒళ్ళు మండేది అక్కడే.

కళింగపట్నం దాటి ఇసకదిబ్బల వేపు పోతే ఒక మందుల కంపెనీ ఉండేది. గేటు మీద ఇంత పొడుగు పేరుంది గానీ ఊళ్ళో ఎవరికీ నోరు తిరగదు, కంపెనీ అంటారంతే. కంపెనీ వెనక యార్డు, యార్డు నిండా నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు. మందులు తయారుచెయ్యగా మిగిలిన పాడు స్పిరిటుని వాటిల్లో పోసి, లారీ వచ్చి పట్టుకెళ్ళేదాకా అక్కడ వరసలు పెట్టేవారు. హుద్‌హుద్ తుపానుకి యార్డు మీద రేకులు ఎగిరిపోయి, చుట్టూ ఉన్న కంచె నేలకి ఒరిగిపోయింది. ఇదిగో వేస్తాం, అదిగో వేస్తాం అంటూ కంపెనీ ఏడాది దాటించేసింది.

అదే తుపాను సూరయ్య పడవని పుల్లలు పుల్లలు చేసి ఒడ్డున పారేసింది. అప్పటిదాకా వేటే తప్ప ఇంకో పని ఎరగని మనిషి. కొత్త పడవ చేయించే తాహతు లేక యార్డు కాపలాకి కుదిరేడు. ఖాకీ చొక్కా, ఒక ఈల, ఒక కర్ర, కూర్చోడానికి రేకుల గది ఇచ్చేరు. సముద్రానికి ఎదురెళ్ళినవాడికి డ్రమ్ములు కాయడం ఒక లెక్కా అనుకున్నాడు. తొందరలోనే ఆ డ్రమ్ములు అతనికి కంటిమీద కునుకు లేకుండా చేసేయి.

ఎందుకంటే ఆ తీరంలో నీలం డ్రమ్ముకున్న గిరాకీ ఇంతా అంతా కాదు. తాగే నీళ్ళకి అదే, చేప ఉప్పులో ఊరెయ్యడానికి అదే, పెళ్ళిలో మజ్జిగ కలపడానికీ అదే. డ్రమ్ముల నాగబాబు అని ఒకడుండేవాడు, సూరయ్యకి వరసకి మేనల్లుడు. పగలంతా మావా మావా అని పలకరించి బీడీ ఇచ్చేవాడు, కాస్త సందు దొరికితే కంచె మీంచి డ్రమ్ము దొర్లించుకుపోయేవాడు. లోపలున్నది కాలవలో పారబోసి, నాలుగు నీళ్ళు పోసి కడిగి, ఎండలో బోర్లించి అమ్మేసేవాడు. ఒకసారి ఆ కాలవ పొడుగునా పీతలు వెల్లకిలా తేలేయి. చూసినవాళ్ళు ఎండ ముదిరిందనుకుని ఎవరి దారిన వాళ్ళు పోయేరు.

మేనేజరు గణపతిరావు విజయనగరం నుంచి రోజూ కారులో వచ్చేవాడు. ఒక రోజు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని యార్డులోకొచ్చి, ఖాళీ అయిన చోటు చూసి సూరయ్య మీద విరుచుకుపడ్డాడు.

"డ్రమ్ము పోయిందని కాదయ్యా నా బాధ. లోపలున్నది సారా వాసన కొడుతుంది. ఎవడో సారా అనుకుని నోట్లో పోసుకుంటే చెంచాడు చాలు, చూపు పోతుంది. ఇంకాస్త పడితే ప్రాణమే పోతుంది."

"మరి తాళాలేయించండి బాబూ," అన్నాడు సూరయ్య. "మూత తిప్పితే ఒచ్చేస్తాది. సిన్నపిల్లలు కూడా తీసెత్తారు."

"మూత మీద బోర్లించే ఇనప టోపీలుంటాయి, వాటికి తాళం వేస్తే ఎవడూ తిప్పలేడు. హైదరాబాదుకి రాసేను. అవి వచ్చేదాకా కళ్ళల్లో వత్తులేసుకుని చూడు. ఇంకొక్క డ్రమ్ము పోయిందంటే దానితోపాటు నువ్వూ పో."

ఆ మాట సూరయ్యకి లోపలెక్కడో దిగబడింది. ఇంట్లో పెళ్ళాం లక్ష్మణమ్మ, కూతురు గౌరి, గౌరి కూతురు యమున, ముగ్గురూ అతని జీతం మీదే ఉన్నారు. అల్లుడు గుజరాత్ వేపు వీరావల్లో ఎవరిదో పెద్ద బోటు మీద కూలికి పోయేడు, వచ్చినప్పుడే రావడం. యమునకి ఇంకా బడి ఈడు రాలేదు. ఒడ్డున తాత భుజమెక్కి కూర్చుని, దూరాన నల్లగా కదిలే పడవని చూసి, అది ఎవరిదో రంగుని బట్టి చెప్పేసేది. పెద్దవాళ్ళు నుదుటికి చెయ్యడ్డం పెట్టుకుని చూస్తూ ఉండగానే, ఆ పడవ దగ్గరికొచ్చేది, యమున చెప్పిందే అయ్యేది. "నాకు సత్వారం ఒచ్చింది గానీ బెంగనేదు, నా కళ్ళజోడు ఇదే," అని సూరయ్య ఊరందరికీ చెప్పుకునేవాడు.

దొంగని ఆపాలంటే దొంగ భయపడేది ఒకటి కావాలి. నాగబాబు కర్రకి భయపడడు, ఈల వేస్తే నవ్వుతాడు, పోలీసు వస్తే టీ తాగించి పంపుతాడు. సూరయ్య బుర్ర గోక్కుని గోక్కుని చివరికి తమ ఒడ్డు పద్ధతే పట్టుకున్నాడు. వల ఒడ్డున వదిలేసి ఊరెళ్ళాల్సొస్తే, దాని మీద పసుపు గుడ్డ, వేపమండ కట్టి "గంగమ్మ తల్లీ, ఇది నీది" అనేసి పోతారు. దాన్ని కట్టు అంటారు. కట్టున్న వల మీద కాకి వాలినా జనం అదిలిస్తారు గానీ చెయ్యి మాత్రం వెయ్యరు.

పాత పసుపు చీరొకటి చింపి, గుడ్డముక్కలు చేసి, ప్రతి డ్రమ్ము మూతకీ చుట్టి, వేపమండ గుచ్చేడు. కట్టుకి కథ కూడా కావాలి కదా, పొద్దున్నే ఎర్రన్న టీ బడ్డీకి పోయి, నాగబాబు అక్కడ ఉండగానే అందుకున్నాడు.

"తెల్లారగట్ట కలొచ్చింది రా ఎర్రన్నా. గంగమ్మ తల్లి పసుపు సీర కట్టుకుని యార్డులో డ్రమ్ము మీద కూకున్నాది. నా గుడి గాలికి పోనాది, ఇక ఇక్కడే ఉంటాను అన్నాది. నన్ను కదిపినోడి ఇంట్లో దీపం ఎలగదు అన్నాది. అనీసి నవ్వింది."

చివర్న ఆ నవ్వు సంగతి అప్పటికప్పుడు తోచింది. నాగబాబు గ్లాసులో టీ సగం అలాగే వదిలేసి లేచిపోయేడు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ వారంలోనే నాగబాబుకి వడదెబ్బ తగిలి జ్వరం కాసింది. వాడి ఇంట్లోవాళ్ళు గగ్గోలు పెట్టేసేరు. కాస్త లేవగలిగిన రోజున వాడు తన గుమ్మంలో ఉన్న డ్రమ్ముని తనే దొర్లించుకుంటూ వచ్చి, కొబ్బరికాయ కొట్టి, కంచె అవతల సాగిలపడ్డాడు.

"మావా, నువ్వే సెప్పు తల్లికి. ఎరక్క సేసేను. సిన్నపిల్లలున్నోణ్ణి."

సూరయ్య లోపల పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకుని, పైకి మాత్రం కళ్ళు మూసుకుని చెయ్యెత్తేడు. ఆ రోజునుంచి ఒక్క డ్రమ్ము కదిలితే ఒట్టు. గణపతిరావు వచ్చి, పసుపు గుడ్డల వరసలు చూసి, "మొత్తానికి ఘటికుడివే," అని భుజం తట్టేడు.

పడవ పోయేక సూరయ్యని మనిషిగా లెక్కపెట్టినవాళ్ళు లేరు. ఇప్పుడు దారిన పోతుంటే ఆడవాళ్ళు పక్కకి జరిగి దారిస్తున్నారు. ముసలివాళ్ళు కూడా గంగమ్మ దాసుడుగారూ అంటున్నారు. వల సముద్రంలోకి దించేముందు వేలు తాకించమని పిలుస్తున్నారు. మర్యాద ఎవరికి చేదు? ఆ రుచి నెమ్మదిగా అతని నెత్తికెక్కింది.

ఒక్క లక్ష్మణమ్మ మాత్రం ఊరికే నమ్మెయ్యలేదు. ఆవిడ భక్తి ఆవిడకుంది గానీ మొగుడి నోరు కూడా ఆవిడకి తెలుసు. ఒక సాయంత్రం అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుంది.

"మావా, ఊరి సంగతి ఒదిలీ. నాకు నిజం సెప్పు. కల్లోకి ఒచ్చిందా, నాగబాబుని బెదరగొట్టడానికి అన్నావా?"

సూరయ్య ముద్ద నోటిదాకా తెచ్చి ఆగేడు. చెప్పెయ్యొచ్చు. చెప్పుంటే ఆవిడ నవ్వి, నీ తెలివి తగలెయ్యా అని ఊరుకునేది. కానీ ఆ రోజు పొద్దున్నే ఊరి పెద్ద అతనికి కుర్చీ వేసి కూర్చోబెట్టేడు. ఆ కుర్చీ ఇంకా అతని కింద ఉన్నట్టే ఉంది.

"ఒచ్చింది," అన్నాడు.

"నా మీద ఒట్టేసి సెప్పు."

"నీ మీద ఒట్టు. ఒచ్చింది."

లక్ష్మణమ్మ చేతులు జోడించింది, కళ్ళలో నీళ్ళు తిరిగేయి. "మరయితే అక్కడ తుడిసి ముగ్గెయ్యడం నా పని," అంది. మర్నాటినుంచి మొగుడికి కేరేజీ తెచ్చినప్పుడల్లా చీపురు కూడా తెచ్చేది. అతను తిని కాస్త నడుం వాల్చి లేచేలోపు డ్రమ్ముల మధ్య ఊడ్చి, నీళ్ళు జల్లి, వాడిన వేపమండలు మార్చేది. సూరయ్యకి అది బాగానే ఉన్నట్టనిపించింది.

తాళాలు అప్పుడొచ్చేయి. అట్టపెట్టె నిండా ఇనప టోపీలు, తాళంకప్పలు, తీగకి గుచ్చిన తాళంచెవులు. ఇవి బిగించెయ్యి అని గణపతిరావు పెట్టె అతని గదిలో పెట్టించి ఇన్స్పెక్షన్ పని మీద పోయేడు. బిగించాలంటే కట్లు విప్పాలి. కూలివాళ్ళని పిలిస్తే ఒక్కడూ దగ్గరికి రాలేదు, చేతులు పడిపోతాయన్నారు. తనే విప్పొచ్చు. సూరయ్య ఒక డ్రమ్ము దాకా వెళ్ళేడు, గుడ్డ ముడి మీద వేలు పెట్టేడు. కంచె అవతల ఇద్దరు ఆడవాళ్ళు దండం పెట్టుకుంటూ అతన్నే చూస్తున్నారు. దాసుడే కట్టు విప్పేడంటే రేపటినుంచి అతను మళ్ళీ పడవ పోయిన సూరయ్యే. వెనక్కొచ్చి పెట్టెని బల్ల కిందకి కాలితో తోసేడు. మంచి రోజు చూసి బిగిద్దాంలే అనుకున్నాడు. తర్వాత గణపతిరావు అడిగితే అయిపోయిందన్నాడు. డ్రమ్ములు పోవట్లేదు కనక ఆయనా వెనక్కి వెళ్ళి చూడలేదు.

ఎండలు ముదిరేయి. ఒక రోజు డ్రమ్ముల దగ్గర ఇసకలో గుచ్చిన అగరొత్తులు కనిపించేయి, సగం కాలి ఆరిపోయినవి. సూరయ్య వాటిని కాలితో తొక్కి ఇసకలో పూడ్చేడు. అది స్పిరిటు, నిప్పురవ్వ చాలు, యార్డు యార్డంతా లేచిపోతుంది. కంచె దగ్గర నిలబడి ఊరి ఆడవాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టేడు. చుట్టూ ఇసక బకెట్లు పెట్టించేడు. అట్టముక్క మీద "ఇచ్చట అగరొత్తులు, హారతి వెలిగించరాదు" అని రాయించి వేలాడదీసేడు. ఆ బోర్డు చూసేక, అక్కడ గుడి ఉందన్న సంగతి కొత్తగా వచ్చినవాళ్ళకి కూడా తెలిసిపోయింది.

నిప్పు మీద పెట్టిన కళ్ళు ఇంకో వేపు తిరగలేదు. ఒక మధ్యాహ్నం వరస చివరి డ్రమ్ము మూత వదులుగా ఉండడం చూసేడు. ఎండకి సాగిందనుకుని గట్టిగా తిప్పి, గుడ్డ మళ్ళీ చుట్టేడు. మళ్ళీ కొన్నాళ్ళకి అదే మూత, అలాగే వదులుగా ఉంది. ఆ చుట్టూ సారా వాసన. గంగమ్మకి మొక్కుగా సారా నేల మీద పోసి సాక పెట్టడం ఉన్నదే కాబట్టి, ఎవరో తెచ్చి పోసి ఉంటారనుకున్నాడు. డ్రమ్ము పోతే కదా దొంగతనం, డ్రమ్ము ఉందిగా అని గదిలోకి పోయేడు. ఆ మాట తర్వాత ఎన్నిసార్లు గుర్తొచ్చిందో చెప్పలేం.

ఊళ్ళో అమ్మోరు పోసింది. ముందు రెండిళ్ళలో, తర్వాత వీధి వీధికీ. యమునకి ఒళ్ళు కాలిపోయి, మర్నాడు వీపు మీద పొక్కులు లేచేయి. గౌరి ఆసుపత్రి అంది. "అమ్మోరు పోస్తే సూదేయిస్తావా, సచ్చిపోద్ది గుంట," అని లక్ష్మణమ్మ నోరు మూయించింది. గుమ్మానికి వేపకొమ్మలు కట్టి, కిటికీకి చాప వేలాడదీసి, సాంబ్రాణి పొగ వేసి, పిల్లని వేపాకుల మీద పడుకోబెట్టింది. పదిమందిలో తిరిగొచ్చే మగవాడు ఆ గదిలో అడుగుపెట్టకూడదు. సూరయ్య వాకిట్లోనే తిని, వాకిట్లోనే పడుకుని, గోడ అవతల్నుంచి పిల్లని పలకరించేవాడు.

"ఏటమ్మా కళ్ళజోడూ, ఎలాగున్నాది?"

"దురదేస్తన్నాది తాతా."

"గీక్కోకు. తగ్గేక పడవలు సూద్దాం."

మర్నాడు లక్ష్మణమ్మ మొహం వెలిగిపోతోంది. "అమ్మోరు సల్లబడింది మావా. తీర్థంలో యేపాకు ముంచి తుడిస్తే ఒళ్ళు మంచులాగ అయిపోతన్నాది. గుంట నిద్రపోనాది సూడు," అంది. ఏ తీర్థమని సూరయ్య అడగలేదు. పూజారి ఇచ్చుంటాడనుకున్నాడు. మనవరాలు నిద్రపోతోందన్న మాట చాలు, హాయిగా డ్యూటీకి పోయేడు. పక్కవీధి వాళ్ళు కూడా చెంబులు పట్టుకొచ్చి లక్ష్మణమ్మని అడిగేరట. ఇది నా మనవరాలికే తెచ్చేను, మీకు రేపు తెస్తానని చెప్పి పంపేసిందట. ఆ ఊరి అదృష్టం అదొక్కటే.

ఆ తర్వాతి రోజు మిట్టమధ్యాహ్నం ఇంటికొచ్చేడు. పిల్ల పొద్దుట్నించీ డోకుతోందని గౌరి ఏడుస్తూ ఎదురొచ్చింది. ఇక ఆచారం లేదు గీచారం లేదు, సూరయ్య గుమ్మం దాటేసేడు. గౌరి గాలి కోసం చాప లాగేసి తలుపు బార్లా తీసి ఉంది. ఎండ తిన్నగా వచ్చి పిల్ల మంచం మీద పడుతోంది. యమున కళ్ళు తెరిచే ఉంది. తాత అడుగుల చప్పుడికి మొహం ఇటు తిప్పింది, కానీ ఆ చూపు అతని పక్కనుంచి పోయి గోడ మీద ఆగింది.

"తాతా," అంది. "ఇంకా దీపం ఎట్టలేదేటి?"

టీ బడ్డీ దగ్గర తను అన్న మాట, ఆ చివర పెట్టిన నవ్వు, రెండూ ఒక్కసారే సూరయ్య చెవిలో పడ్డాయి. మంచం కింద ఇత్తడి చెంబు, అందులో ఉద్ధరిణి. చెంబు ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. సాంబ్రాణి ఎంత కప్పెట్టినా ఆ వాసన దాగలేదు. రోజూ పీల్చే యార్డు వాసన.

ఆటో కట్టించుకుని శ్రీకాకుళం పెద్దాసుపత్రికి పరిగెత్తేరు. పిల్ల ఒగరుస్తోంది. లక్ష్మణమ్మ దారి పొడుగునా గంగమ్మని తలుచుకుంటూనే ఉంది. అరుణశ్రీ అని చిన్న వయసు డాక్టరమ్మ, పిల్ల కంట్లోకి టార్చి వేసి చూసి, గబుక్కున తలెత్తింది.

"పాపకి ఏం పట్టించేరు?"

"ఏటీ నేదమ్మా," అంది లక్ష్మణమ్మ. "మందూ మాకూ ఏటీ ఇయ్యనేదు. మునుపట్నుంచీ గుమ్మంలో నాలుగు సుక్కలు జల్లే అమ్మోరి తీర్థమే, ఉద్ధరిణితో, అప్పుడప్పుడు. ఒంటికి కొంచెం రాసేను, అంతే."

"ఏ తీర్థం? ఎక్కడిది?"

లక్ష్మణమ్మ మొగుడి వేపు చూసింది, నువ్వు చెప్పు అన్నట్టు. ఎంత నమ్మకంగా చూసిందంటే, సూరయ్యకి ఆ చూపు కన్నా చెంపదెబ్బ నయమనిపించింది.

"తీర్థం కాదమ్మా," అన్నాడు డాక్టరమ్మతో. "కంపెనీ డ్రమ్ములో పాడు స్పిరిటు. తాగితే సూపు పోద్దని మా మేనేజరు సెప్పేడు."

"ఏటంటన్నావు మావా?"

"గంగమ్మ నేదే అక్కడ. కలా రానేదు, ఏటీ రానేదు. నాగబాబుని బెదరగొట్టడానికి అన్నాను."

"నా మీద ఒట్టేసేవు కదా," అంది లక్ష్మణమ్మ. గొంతు పెంచలేదు. "కట్టింది నువ్వు కదా అనే మూత తీసేను మావా. నీ సేత్తో కట్టిందని."

డాక్టరమ్మ అప్పటికే సెలైను పెట్టమని కేకేస్తూ పిల్లని లోపలికి తోసుకుపోయింది. సూరయ్య చెప్పబట్టే ప్రాణం దక్కిందని ఆవిడే తర్వాత అంది. అదే ముందే చెప్పుంటే అని అనలేదు గానీ, ఆ మాట ఆవిడ మొహంలో ఉంది. ప్రాణం దక్కింది. పొక్కులు మాడి, జ్వరం తగ్గి, పిల్ల లేచి కూర్చుని అన్నం అడిగింది. చూపు మాత్రం రాలేదు. విశాఖపట్నం కూడా తీసుకెళ్ళేరు. అక్కడివాళ్ళూ తల అడ్డంగానే ఊపేరు.

గణపతిరావు ఆసుపత్రి బయట సూరయ్యని పక్కకి పిలిచేడు. "అమ్మవారు పోసి కళ్ళు పోవడం లోకంలో ఉన్నదే. ఊళ్ళో అలాగే అనుకుంటున్నారట. అనుకోనీ. నువ్వు కెలక్కు. నీ ఉద్యోగానికి నాది పూచీ," అన్నాడు. అంతకుముందు సూరయ్య ఆ మాటకి తల ఊపేవాడే. ఈసారి ఊపలేదు. తిన్నగా ఊరికొచ్చి, ఎర్రన్న బడ్డీ దగ్గర జనం ఉన్న వేళ చూసి, ఉన్నదంతా చెప్పేసేడు. కల అబద్ధం, కట్టు అబద్ధం, డ్రమ్ముల్లో ఉన్నది విషం, దానివల్లే నా మనవరాలి కళ్ళు పోయాయి అన్నాడు.

ఎవరూ కోపగించుకోలేదు. కొట్టినా బాగుండునని అతనికనిపించింది. నాగబాబే ముందుగా వచ్చి భుజం మీద చెయ్యి వేసేడు.

"మావా, బాధలో ఏటేటో అంటన్నావు. తల్లి ఏటన్నాది? నన్ను కదిపినోడి ఇంట్లో దీపం ఎలగదన్నాది. నువ్వే కదా సెప్పేవు. అత్త మూత కదిపింది. కళ్ళు పోనాయి. అన్న మాట అన్నట్టు జరిగితే, కల అబద్ధం అంటావేటి?"

అందరూ తలలూపేరు. సూరయ్య కల్పించిన మాట, అతని ఇంట్లోనే, అక్షరం తప్పకుండా నిజమై కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే బల్ల కిందనుంచి పెట్టె లాగేడు. కంచె అవతల జనం మూగి వద్దు వద్దంటున్నా, ఒక్కో కట్టూ విప్పి, వేపమండలు పీకి పారేసి, మూతల మీద ఇనప టోపీలు బోర్లించి తాళాలు వేసేడు. ఒక్కటీ వదల్లేదు. తాళంచెవుల గుత్తి మొలతాడుకి కట్టుకున్నాడు. ఇంత పనీ మధ్యాహ్నం భోజనాల వేళకల్లా అయిపోయింది. ఇంత చిన్న పని. చివరి తాళం వేసేక అక్కడే ఇసకలో కూలబడ్డాడు.

ఇంట్లో లక్ష్మణమ్మ అతనితో మాటలు మానేసింది. వండి పెడుతుంది, కేరేజీ పంపుతుంది, అంతే. యమున అమ్మమ్మ కొంగు పట్టుకునే తిరుగుతోంది.

కొన్నాళ్ళకి ఒక పొద్దున డ్యూటీకి వెళ్ళేసరికి తాళాలన్నిటికీ పసుపు రాసి, కుంకం బొట్లు పెట్టి ఉన్నాయి. సూరయ్యకి అరికాలి మంట నెత్తికెక్కింది. గుడ్డ తడిపి తుడవడం మొదలెట్టేడు. వరస తిరిగేసరికి అక్కడ లక్ష్మణమ్మ ఉంది. చేతిలో పసుపు గిన్నె, కొంగు పట్టుకుని యమున.

"నువ్వా?" అన్నాడు. "అంతా సెప్పేను కదే. ఇంకా ఏటే నీకు ఈ పిచ్చి? అది ఇసం. అక్కడ ఏ అమ్మోరూ నేదు."

లక్ష్మణమ్మ ఇన్నాళ్ళకి అతని మొహంలోకి చూసింది.

"నువ్వు సెప్పిందే నిజమైతే, దీని కళ్ళు తీసింది నా సెయ్యి," అంది, పసుపంటిన కుడిచెయ్యి చాపి. "ఈ సేత్తోనే, గుంట ఒద్దంటన్నా, బుజ్జగించి బుజ్జగించి పోసేను. గంగమ్మ తీసిందనుకుంటే అన్నం ముద్ద దిగుతాది. ఒట్టేసి అబద్ధం ఆడేవు కదా మావా, ఆ అబద్ధమే నాకు ఉండనీ."

సూరయ్య చేతిలో తడిగుడ్డ నుంచి నీళ్ళు కారుతున్నాయి. యమున చెయ్యి చాపి, తడుముకుంటూ వచ్చి, ఎదురుగా ఉన్న డ్రమ్ముని పట్టుకుంది. దాని మీదున్న ఇనప టోపీని వేళ్ళతో చుట్టూ తడిమి చూసింది.

"తాతా, ఇది కొత్తది. ఏ రంగు?"

లక్ష్మణమ్మ అతన్నే చూస్తోంది. సూరయ్య గుడ్డ పిండి జేబులో పెట్టేసుకున్నాడు.

"పసుపమ్మా," అన్నాడు. "పసుపు రంగు."